అల్లుడి కారు బంపరు

అల్లుడొస్తున్నాడని ఫోను రాగానే ఆమినాబీ రెండు నాటుకోళ్ళు తెప్పించి కోయించింది. ఆ అల్లుడే కూతురి కాలు విరగ్గొట్టాడని ఆవిడకి తెలుసు. తెలిసే కోయించింది. కూతుర్ని కొట్టాడని అల్లుడికి వడ్డనలో లోటు చేసే ఇల్లు ఈ కృష్ణా జిల్లాలో ఎక్కడైనా ఉంటే ఉండొచ్చు గానీ, అది ఆమినాబీ ఇల్లు మాత్రం కాదు.

అల్లుడి పేరు జాకీర్. మైలవరం చుట్టుపక్కల మామిడితోటలు గుత్తకి తీసుకుని, కాయ కోయించి లారీలకెక్కించే వ్యాపారం. మనిషి ఎర్రగా బుర్రగా ఉంటాడు. అతను నవ్వితే ఎదుటివాళ్ళు కూడా నవ్వాల్సిందే. ఆ ఆదివారం పొద్దున తండ్రి దాదాపీర్ సాహెబుని పక్కన కూర్చోబెట్టుకుని, తన తెల్ల ఇండికా కారులో వచ్చాడు, పుట్టింట్లో ఉన్న భార్య అఫ్సాని తీసుకుపోవడానికి.

ఆమినాబీ ఇల్లు విజయవాడ వన్ టౌన్‌లో కొండని ఆనుకున్న సందులో ఉంది. సందుకి ఒక పక్క ఇళ్ళు, రెండో పక్క కొండ మీదికి మెట్లు, ఆ మెట్ల వెంబడి మళ్ళీ ఇళ్ళు. కింద ఎవరింట్లో గిన్నె జారిపడినా పైవాళ్ళు తొంగి చూస్తారు. లోపల కారు తిప్పుకునే చోటు లేదు కాబట్టి జాకీర్ సందు మొదట్లోనే తిప్పి, వెనక్కి నడుపుకుంటూ వచ్చాడు. కారు వెనక్కి పోయేటప్పుడు ఏదో ఒక పాట మోగేట్టు పెట్టించుకోవడం అప్పట్లో మోజు. ఆ పాట వినపడగానే లోపల జడ వేసుకుంటున్న అఫ్సా చేతిలోంచి దువ్వెన కింద పడింది. ఆమె గోడ పట్టుకుని నిలబడింది. కాలికి కట్టు విప్పి ఎన్నాళ్ళో కాలేదు. ఆ కాలు ఇంకా ఒంటి బరువు మోయనంటోంది.

రంజాన్ మర్నాడు మైలవరంలో ఇదే పాట విన్నది. పండగ కాగానే పుట్టింటికి తీసుకెళ్తానని ముందు రోజు దాకా ఊరించిన జాకీర్, తీరా బిర్యానీలో ఉప్పెక్కువైందని పళ్ళెం ఎత్తి ఆమె మొహాన కొట్టాడు. వేడన్నం మెడ దగ్గర్నుంచి లోపలికి జారి ఒళ్ళు కాలింది. అతను మాత్రం చేయి కడుక్కుని కారెక్కాడు. అఫ్సా వెంటపడి వెళ్ళి కారుకి వెనక, గేటు స్తంభం దగ్గర నిలబడింది. మా అమ్మ దగ్గర దింపందే కదలనివ్వనంది. జాకీర్ అద్దంలోంచి చూశాడు. చూడలేదని ఎవరన్నా ఆమె ఒప్పుకోదు. ఆ అద్దంలో అతని కళ్ళు ఆమె కళ్ళలోకే ఉన్నాయి. పాట మోగింది. బంపరు వచ్చి ఆమె కాలిని స్తంభానికేసి అదిమింది. ఆమె కేకకి కారు ముందుకెళ్ళింది. బతికాననుకుంది. పాట మళ్ళీ మోగింది. రెండోసారి వచ్చినప్పుడు ఎముక విరిగిన చప్పుడు కేక కన్నా ముందు ఆమెకే వినపడింది.

ఆస్పత్రిలో మాత్రం కుళాయి దగ్గర జారిపడ్డానని చెప్పింది. జాకీర్‌కి భయపడి చెప్పిన అబద్ధం కాదది. అన్న అబ్దుల్లాకి భయపడి చెప్పింది.

అబ్దుల్లా ఆటోనగర్‌లో టింకరింగ్ పని చేస్తాడు. సొట్టపడ్డ తలుపుని లోపలినుంచి చిన్న సుత్తితో తట్టి తట్టి, పసిపిల్ల వీపు నిమిరినట్టు నిమిరి నునుపు తెస్తాడు. అదే చేత్తో కొన్నేళ్ళ కింద షెడ్డులో ఒకడి కన్ను పోగొట్టాడు. చనిపోయిన తండ్రి గురించి వాడు కూసిన కూత పూర్తి కాకుండానే వీల్ స్పానరు వాడి మొహం మీదుంది. అబ్దుల్లా జైలుకెళ్ళి వచ్చాడు. ఇంకొక్కసారి చెయ్యెత్తితే ఈ జన్మకి బయటికి రావడం ఉండదని వకీలు చెప్పి పంపాడు. అతని భార్య ఇప్పుడు తొలిచూలు పురిటికి తెనాలి వెళ్ళింది.

అందుకే అఫ్సా నిజం తల్లికొక్కతెకే చెప్పుకుంది, ఆస్పత్రి మంచం మీద, అన్న మందులకి బయటికెళ్ళినప్పుడు. ఆమినాబీ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని చెప్పింది.

"నీ కాలు అతుక్కుద్దే తల్లీ. నీ అన్న జైలుకి పోతే ఇంకేదీ అతుక్కోదు. వాడి చెవిన పడనియ్యకు."

పడనివ్వలేదు. ఇవాళ వెళ్ళనంటే ఎందుకు వెళ్ళవని అన్న అడుగుతాడు. కాబట్టి పెట్టె సర్దుకుంది. సాయంత్రం ఆ కారెక్కి వెళ్ళిపోతే అన్న క్షేమం. ఆ ఒక్క పూట గడవాలని ఆమె దేవుడికి మొక్కుకుంటోంది.

జాకీర్ గడవనిస్తేగా.

టీ తాగి, కప్పు కింద పెట్టి, బావమరిది వంక చూసి నవ్వాడు. "అబ్దుల్లా భాయ్, వెనక బంపరు పగిలింది చూశావా? తోటలో రివర్స్ చేస్తుంటే చెట్టుకి తగిలింది. ఎల్లుండి మావాళ్ళ పెళ్ళికి కారు తియ్యాలి. ఇంట్లో టింకరుండగా బయట ఎవడికో ఇవ్వడం ఏంటని ఆగా."

"ఇవాళ ఆదివారం కదా, షెడ్డు మూసుంటది. రేపు పొద్దున చేసి పంపిస్తా," అన్నాడు అబ్దుల్లా.

"షెడ్డెందుకు? ఇక్కడే విప్పు. అంత పనేముంది దాంట్లో?"

ఇక్కడే జాకీర్ పప్పులో కాలేశాడు. మైలవరం నుంచి బెజవాడ దాకా దారి పొడుగునా మెకానిక్కులున్నారు. ఎవడికిచ్చినా మాట్లాడకుండా కొత్త బంపరు బిగించి పంపేవాడు. కానీ అల్లుడన్నవాడు అత్తారింట్లో పని చేయించుకోకుండా బయట చేయించుకుంటే హోదా ఏం కాను? ఆ హోదా అతని కళ్ళకి గంతలు కట్టింది. ప్రపంచంలో ఏ ఒక్కడి చేతిలో ఆ బంపరు పెట్టకూడదో, ఏరికోరి వాడి చేతిలోనే పెట్టాడు.

ఆదివారమైనా అబ్దుల్లా పనిముట్లు ఇంట్లోనే ఉంటాయి. పాత గోనెసంచి పరిచి, సంచిలోంచి పానాలు, స్క్రూడ్రైవర్లు తీసి వరసగా పేర్చుకున్నాడు. వెనక భాగం జాకీతో పైకి లేపి, జాకీ రాడ్డు పక్కన పడేశాడు. డిక్కీ తలుపెత్తి లోపలి స్క్రూలు విప్పాడు. తర్వాత చక్రాల పక్కన మడ్‌గార్డు లోపలికి చెయ్యి పోనిచ్చి అక్కడివి విప్పడం మొదలుపెట్టాడు. చలికాలపు ఎండ సందులోకి దిగుతోంది. మెట్ల మీద మొదటి ఇంటి మార్త గుమ్మంలో కూర్చుని బియ్యం చేటలో పోసుకుని చూస్తోంది. కట్టు విప్పిన దగ్గర్నుంచి రోజూ అఫ్సాకి భుజం అందించి సందు చివరిదాకా నడిపించేది ఆవిడే.

"భయ్యా, ముందు అన్నం తిను. ఎండలో ఎందుకు?" అంది అఫ్సా గడప దగ్గర్నుంచి.

"నువ్వు లోపల కూర్చో. కాలు నొప్పెడుద్ది," అన్నాడు అబ్దుల్లా కారు కిందనుంచి. చెల్లెలి గొంతు వింటే చాలు అతని గొంతు మెత్తబడుతుంది. "ఈ ప్లాస్టిక్‌ది ఉంది చూడు, ఇది ఉత్త తొక్కే. అసలు బలం లోపలి ఇనప కమ్మీది. తొక్క పగిలినా కమ్మీ బాగుంటే పర్లేదు. కమ్మీ వంగిందా, దెబ్బ గట్టిదన్నమాట."

చిన్నప్పటినుంచి అంతే, పని చేస్తూ ఆమెకి పాఠం చెబుతాడు. కమ్మీ మాట ఆమె ఇంతవరకూ అనుకోలేదు. అనుకోని మాట ఇంకొకటి కూడా అప్పుడే కళ్ళబడింది. బంపరు ఎడమ పక్క పగులులోంచి ఒక పచ్చటి దారప్పోగు బయటికి వచ్చి గాలికి కదులుతోంది.

రంజాన్‌కి వన్ టౌన్‌లోనే ఆమినాబీ పచ్చగుడ్డ మీద పసుపు చుక్కలున్న తాను కొని, కూతురికి సల్వారు కమీజు కుట్టించి మైలవరం పంపింది. ఆ రోజు అఫ్సా ఒంటి మీద ఉన్నవి ఆ బట్టలే. ఆస్పత్రిలో కత్తెరతో సల్వారు కోసి తీసినప్పుడు ఒక కాలి అంచు చిరిగిపోయి లేదు. ఎక్కడో రాలిపోయిందనుకుంది. రాలిపోలేదు. ప్లాస్టిక్ పగిలి, నోరు తెరిచి, ఆ ముక్కని కరుచుకుని మళ్ళీ మూసుకుంది. తానులో మిగిలిన గుడ్డ వృథా ఎందుకని ఆమినాబీ వంటింటి గుమ్మానికి పరదా కుట్టింది. ఆ పరదా ఇప్పుడు అబ్దుల్లా కూర్చున్నచోటికి ఎదురుగా, తెరిచిన వీధి తలుపులోంచి నిలువెత్తున కనపడుతోంది.

అఫ్సా కుంటుకుంటూ వెళ్ళి కారు పక్కన గోనె మీద కూలబడింది. "పానాలు నేనందిస్తా భయ్యా," అంటూ చేయి చాచి ఆ పోగు పట్టుకుని లాగింది. పోగు తెగి వేలికి చుట్టుకుంది, ముక్క రాలేదు.

"అఫ్సా," అని పిలిచాడు జాకీర్ వరండాలోంచి. "మంచినీళ్ళు."

నీళ్ళు తీసుకెళ్ళింది. గ్లాసు అందుకునే మిషతో జాకీర్ ఆమె మణికట్టు పట్టుకుని వెనక్కి తిప్పాడు. ఎముక మీద ఎముక రాసుకుంది. అతని మొహంలో నవ్వు అలాగే ఉంది.

"వాడి చుట్టూ ఏం పని నీకు? ఏమన్నా వాగావనుకో, ఆ రెండో కాలు కూడా ఉండదు," అన్నాడు తండ్రికి వినపడేంత గొంతుతో. దాదాపీర్ సాహెబు తసబీ పూసలు తిప్పుకుంటూ ఎదురింటి గోడ వైపు చూశాడు. పెద్దమనిషికి అవసరమైనప్పుడు చెవుడు రావడం చాలా సౌకర్యం.

అఫ్సా చేయి విడిపించుకుని వచ్చి మళ్ళీ గోనె మీద కూర్చుంది. మణికట్టు మీద వేళ్ళ గుర్తులు లేచాయి. కమీజు చెయ్యి కిందికి లాక్కుంది.

కింద బోల్టులు తుప్పుపట్టి కదలనన్నాయి. అబ్దుల్లా కిరసనాయిలు పోసి, పానా పెట్టి, దాన్ని సుత్తితో కొట్టాడు. ఒక్కో దెబ్బకి కారు వణికింది. ఒక్కో దెబ్బకి అఫ్సా పళ్ళు బిగించింది. ఒక బోల్టు తల తెగి ఎగిరి గోడకి తగిలింది. వంటింట్లో కోడికూర ఉడుకుతోంది; ఆమినాబీ గరిటె పట్టుకుని పరదా పక్కకి నెట్టి ఒకసారి వచ్చి చూసింది. కూతురి మొహం చూడగానే ఏదో అయిందని తెలిసింది గానీ ఏమిటో తెలియలేదు. కూర మాడుతుందని మళ్ళీ లోపలికెళ్ళింది.

"అయిపోయింది. రెండు వైపులా పట్టుకుని లాగితే వచ్చుద్ది," అన్నాడు అబ్దుల్లా లేచి.

"ఈ వైపు నేను పట్టుకుంటా," అని అఫ్సా ఎడమ పక్క చేయి వేసేసింది.

"కాలు కాలూ అని నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే వినవేంటి నువ్వు?"

"తేలికే కదా భయ్యా. లాగు."

ఇద్దరూ లాగారు. క్లిప్పులు పటపటమని ఊడాయి. బంపరు ఒళ్ళు విరుచుకుని బయటికొచ్చింది. పగులు తెరుచుకోగానే పసుపు చుక్కలున్న అరచేయంత పచ్చగుడ్డ కింద పడింది. మట్టి పట్టి, ఒక పక్క ఎండిన నెత్తురుతో అట్ట కట్టి ఉంది. అఫ్సా దాని మీదికి వంగి గుప్పెట్లో పెట్టేసుకుంది.

"ఏంటది?" అన్నాడు అబ్దుల్లా.

"ఏం లేదు. మసిగుడ్డ."

"ఇయ్యి, చేతులు తుడుచుకుంటా."

"మురిగ్గా ఉంది. వేరేది తెస్తా."

లేవబోయింది. కాలు సహకరించలేదు. అబ్దుల్లా ఆమెని పట్టుకుని నిలబెట్టబోతే కమీజు చెయ్యి పైకి జరిగింది. మణికట్టు మీద ఎర్రగా నాలుగు వేళ్ళు. అబ్దుల్లా ఆ వేళ్ళ గుర్తుల్ని చూశాడు. తర్వాత ఆమె గుప్పెట విప్పాడు. బలవంతంగా విప్పలేదు, ఒక్కొక్క వేలూ ఎత్తాడు. ఆమెకి బిగపట్టే శక్తి లేకపోయింది. గుడ్డముక్క చూశాడు. తలెత్తి వంటింటి పరదా చూశాడు. మళ్ళీ గుడ్డముక్క చూశాడు.

అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని, బంపరు ఊడిన కారు వెనక భాగంలోకి చూశాడు. ఇనప కమ్మీ రెండుచోట్ల లోపలికి వంగి ఉంది. పక్క పక్కన రెండు సొట్టలు. ఒకటి పైపైన. రెండోది లోతుగా. వేలు పెట్టి రెండింటినీ తడిమి చూశాడు.

"చెట్టుకి తగిలిందన్నావు జాకీర్ భాయ్," అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. అఫ్సాకి తెలుసు, అన్న గొంతు తగ్గిందంటే భయపడాల్సింది అప్పుడే.

"చెట్టుకే."

"రెండుసార్లు తగిలిందా? చెట్టు పచ్చ సల్వారు తొడుక్కుందా?"

"భయ్యా, కాదు. నేను జారి పడ్డా. కుళాయి దగ్గర. నీ మీదొట్టు," అంది అఫ్సా అతని చొక్కా పట్టుకుని. ఆమె ఒట్టేస్తుంటే అతని కళ్ళు ఇంకా ఎర్రబడ్డాయి.

జాకీర్ లేచి వరండా దిగి వచ్చాడు. అక్కడితో ఊరుకుని, తప్పయిపోయిందని ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేదో తెలియదు. అలా అనే జాతి కాదు. తన ఇంటి విషయం ఇంకొకడు అడగడమే అతనికి పెద్ద అవమానం.

"అడ్డం వచ్చి నిలబడింది. తప్పుకోమన్నా, తప్పుకోలేదు," అన్నాడు. "ఆడదానికి అంత మొండితనమేంటి? మీరు నేర్పుంటే నేను నేర్పాల్సిన పని ఉండకపోను. సరేగానీ, దాన్ని బిగించు ముందు. చీకటి పడకముందే పోవాలి."

అబ్దుల్లా తలకాయ ఆడించాడు, అలాగే అన్నట్టు. ఆ ఆడించడంలోనే ముందుకి దూకి జాకీర్ జుట్టు పట్టుకుని, మొహాన్ని డిక్కీ అంచుకేసి కొట్టాడు. ముక్కు చితికిన చప్పుడైంది. తెల్ల కారు మీద నెత్తురు జల్లులా పడింది. జాకీర్ రెండు చేతులూ డిక్కీలో ఆనించి లేవబోయేసరికి అబ్దుల్లా డిక్కీ తలుపు దభీమని కిందికి లాగాడు. వేళ్ళు లోపలున్నాయి. ఆ కేకకి కొండ మీద చివరి ఇంటివాళ్ళు కూడా మెట్లు దిగి వచ్చారు.

జాకీర్ ఒక చేయి లాక్కుని, గోనె మీదున్న స్క్రూడ్రైవరు అందుకుని గుడ్డిగా పొడిచాడు. అది అబ్దుల్లా ముంజేతిలో దిగి అవతలికొచ్చింది. అబ్దుల్లా దాన్ని పీకలేదు కూడా. అలాగే ఉంచుకుని రెండో చేత్తో జాకీ రాడ్డు అందుకుని భుజం మీద కొట్టాడు. జాకీర్ మోకాళ్ళ మీద పడ్డాడు. ఇంకో దెబ్బకి పక్కటెముకలు విరిగాయి. జాకీర్ బోర్లా పడి, నెత్తుటితో కలిసి ఒక పన్ను ఉమ్మి, పాకుతూ కారు కిందికి దూరబోయాడు. అబ్దుల్లా కాలు పట్టి బయటికి ఈడ్చాడు.

ఆమినాబీ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చి కొడుకు కాళ్ళు వాటేసుకుంది. "నా మాట వినరా నాయనా, నీ బిడ్డ మొహం చూసుకోవద్దా," అంటూ ఏడ్చింది. అబ్దుల్లా ఆవిణ్ణి ఈడ్చుకుంటూనే ఇంకో అడుగు వేశాడు. అతని మొహంలో ఎవరూ లేరు. షెడ్డులో ఆ రోజు కూడా ఇలాగే ఉన్నాడని జనం చెప్పుకున్న మొహం అది. రాడ్డు రెండు చేతులా పైకెత్తాడు, ఈసారి తలకి గురి చూసి.

దాదాపీర్ సాహెబు చెవుడు ఒక్కసారిగా పోయింది. వరండా మీదనుంచి చెయ్యెత్తి అరిచాడు. "అబ్దుల్లా, ఆలోచించుకో. మొగుడూ పెళ్ళాల మధ్య సవాలక్ష ఉంటాయి. కాపురమన్నాక కొట్టుకోవడం ఉంటది, అరుచుకోవడం ఉంటది, దానికెవరూ స్టేషన్‌కి పోరు. నువ్వు బయటివాడివి. నువ్వు కొడితే అది కేసు. నిన్ను మళ్ళీ లోపల పెట్టించకపోతే నా పేరు దాదాపీర్ కాదు."

ఆ మాట అబ్దుల్లాకి వినపడలేదు. అఫ్సాకి వినపడింది.

ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. కాలు నొప్పి ఉందో లేదో తెలియదు. అన్నకీ నేల మీదున్న మొగుడికీ మధ్యన వెళ్ళి నిలబడింది. పైకి లేచిన రాడ్డు ఆమె తల మీదుగా ఆగింది.

"తప్పుకో," అన్నాడు అబ్దుల్లా.

"నాకియ్యి."

"తప్పుకోమన్నానా?"

"మా మామ చెప్పింది విన్లేదా భయ్యా? నువ్వు కొడితే కేసు." చేయి పైకి చాచి రాడ్డు పట్టుకుంది. "నేను కొడితే కాపురం."

అబ్దుల్లా కళ్ళు ఆమె మొహం మీద నిలిచాయి. అక్కడినుంచి మెల్లిగా మనిషి తిరిగొచ్చాడు. వేళ్ళు వదులయ్యాయి. రాడ్డు ఆమె చేతిలోకి వచ్చింది. అది అంత బరువుంటుందని ఆమె అనుకోలేదు.

వెనక్కి తిరిగింది. జాకీర్ చితికిన చెయ్యి గుండెకి ఆనించుకుని, వెల్లకిలా తిరిగి, ఒక కంటితో ఆమెనే చూస్తున్నాడు. సందంతా, మెట్లంతా చూస్తున్నారు. అందరూ చూడాలనే ఆమె ఒక క్షణం ఆగింది. తర్వాత రాడ్డెత్తి అతని తొడ మీద కొట్టింది. జాకీర్ గొంతులోంచి జంతువు అరుపొచ్చింది.

దాదాపీర్ సాహెబు వరండా దిగి, కొడుకు పక్కన చతికిలబడి, అబ్దుల్లాని చూపించాడు. "మీరంతా చూశారు. ఈ రౌడీ నా కొడుకుని చంపబోయాడు. సాక్ష్యం చెప్పాలి మీరు."

అబ్దుల్లా గోడకి ఆనుకుని కూర్చుని చేతిలోంచి స్క్రూడ్రైవరు పీక్కుంటున్నాడు. ఆమినాబీ పైట చించి గాయానికి అదుముతోంది.

మార్త చేట పక్కన పెట్టి లేచి రెండు మెట్లు దిగింది.

"నేను చూశానండీ," అంది దాదాపీర్‌తో. "మొదట్నుంచీ ఇక్కడే కూర్చునున్నా. అఫ్సాయే కొట్టింది."

"వాడు కొట్టలేదా? నీ కళ్ళకేమైంది?"

"నా కళ్ళు బానే ఉన్నాయి. అబ్దుల్లా విడిపిద్దామని అడ్డం వెళ్ళాడు. మీవాడే చేతిలో పొడిచాడు. కొట్టింది మాత్రం అఫ్సాయే."

ఆమె వెనక మెట్టు మీదనుంచి ఇంకో ఆడమనిషి, "అవునండీ, నేనూ చూశా," అంది. ఇంకా పైనుంచి ఇంకొకరు. మగవాళ్ళు కాసేపు నేల చూపులు చూశారు. తర్వాత వాళ్ళు కూడా తలలూపారు. దాదాపీర్ సాహెబు ఒక్కొక్క మొహమే వెతుక్కుంటూ మెట్ల చివరిదాకా చూశాడు. ఏ మొహంలోనూ అబ్దుల్లా పేరు దొరకలేదు.

"పోండి మామగారూ, స్టేషన్‌కి," అంది అఫ్సా. "పెళ్ళాం కొట్టిందని రాయించండి. మీ అబ్బాయి సంతకం పెడతాడా అడగండి ముందు."

దాదాపీర్ కొడుకు వంక చూశాడు. జాకీర్ కన్ను మూసుకున్నాడు. పెళ్ళాం చేతిలో తన్నులు తిన్నానని ఒక పోలీసువాడి ముందు, మైలవరం మామిడి వ్యాపారుల ముందు చెప్పుకోవడం కన్నా ఆ సందులో చావడం అతనికి తేలిక. ముసలాయనకి ఆ సంగతి అర్థమైంది. కేసు ఉండదు. అఫ్సా గుండెల్లో ఇన్నాళ్ళూ బిగిసిన ముడి విడిపోయింది. అన్న ఇంట్లోనే ఉంటాడు. పురిటికి తెనాలి వెళ్తాడు. బిడ్డని ఎత్తుకుంటాడు. ఆ సంతోషంతో ఆమె ఒళ్ళు తేలిపోయినట్టయింది. రాడ్డు కింద పడేయబోయింది.

జాకీర్ని తండ్రి చంకల కింద చేతులేసి కూర్చోబెట్టాడు. పగిలిన పెదాల మధ్యనుంచి జాకీర్ ఏదో అన్నాడు. ఎవరికీ వినపడలేదు. అఫ్సా వంగింది వినడానికి.

"ఇంటికి రా," అన్నాడు. "ఇంటికొచ్చాక చెప్తా."

ఇంత జరిగినా తను ఆ ఇంటికి వస్తుందనే అనుకుంటున్నాడు. కారెక్కి, పక్కన కూర్చుని, మళ్ళీ వండి పెట్టడానికి వస్తుందనే. అఫ్సా నిటారుగా లేచింది. మొదటి దెబ్బ అన్నని కాపాడుకోవడానికి కొట్టింది. ఇప్పుడు అన్నకి ఏ భయమూ లేదు, ఎవర్నీ కాపాడాల్సిన పని లేదు. ఆమె రాడ్డుని రెండు చేతులా పట్టుకుని, బలమంతా కూడదీసుకుని, ఈ దెబ్బ తన కోసం కొట్టింది.